కొబ్బరితోటలో క్రియాటినిన్

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరి కొండలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న పల్లెల్ని ఉద్దానం అంటారు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల ఊళ్ళవి. హౌరా వెళ్ళే రైలు పలాస దాటాక కిటికీ పక్కన కూర్చున్నవాడికి కాసేపు ఆకాశం సరిగ్గా కనిపించదు. అంత దట్టంగా ఉంటాయి కొబ్బరితోటలు. వాటి కింద జీడిమామిడి, ఆ సందుల్లో పనస, మామిడి. జీడిపప్పు అనగానే పలాస పేరు తోడొస్తుంది. కంచిలి, కవిటి నుంచి కొబ్బరి లారీలకెత్తి పంపుతారు. వేసవిలో పనసకాయలు ఒడిశా దాటి వెళ్తాయి. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళకన్నా ముందు బొండం కొట్టి ఇచ్చిన నేల అది.

ఆ నేల మీద ఇప్పుడు బొండం తాగకూడని మనుషులు వేలమంది ఉన్నారు.

ఇది ఎప్పుడు మొదలైందో తేదీ వేసి చెప్పగలవాళ్ళు లేరు. గత శతాబ్దం చివరి పదేళ్ళలో, ఈ శతాబ్దం మొదట్లో, నలభై నలభై అయిదేళ్ళ మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోవడం ఊళ్ళవాళ్ళు గమనించారు. మొదట ఎవరి చావుకు వాళ్ళ కారణం చెప్పుకున్నారు. వీడికి తాగుడు, వాడికి ఒంట్లో నీరు చేరింది, ఇంకొకడికి గాలి సోకింది. ఒకే ఇంట్లో తండ్రి, ఆ తర్వాత పెద్దకొడుకు, ఆ తర్వాత తండ్రి తమ్ముడు పోయాక ఈ కారణాలన్నీ చాలకుండా పోయాయి. విశాఖపట్నం ఆసుపత్రుల్లో కిడ్నీ డాక్టర్ల దగ్గర కూర్చున్న రోగుల చీటీల మీద అవే మండలాల పేర్లు పదే పదే కనిపించసాగాయి. అలా బయటపడింది.

అప్పటికే కిడ్నీలు చెడిపోయినవాళ్ళు దేశమంతా ఉన్నారు. కాని వాళ్ళలో చాలామందికి షుగరో, ఏళ్ళ తరబడి అదుపు తప్పిన బీపీయో ఉంటుంది. ఉద్దానం రోగికి ఆ రెండూ ఉండకపోవచ్చు. మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. కాళ్ళ వాపు చాలా ఆలస్యంగా వస్తుంది. పొలం పని, చెట్టెక్కే పని, కూలిపని చేసుకునే మనిషి పైకి గట్టిగానే కనిపిస్తూ లోపల కిడ్నీలు పోగొట్టుకుంటూ ఉంటాడు. నెఫ్రాలజిస్టు తాతపూడి రవిరాజు బృందం ఈ ప్రాంతంలో 2,200 మందికి పైగా పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించింది. నూటికి 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. వాళ్ళలో ఎక్కువమందిలో తెలిసిన కారణమేదీ దొరకలేదు.

ఈ కథ మొత్తం ఒక మనిషి మీద నడిపిస్తాను. పేరు పెట్టను. ఆ ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఎవరి పేరు కావాలంటే వాళ్ళ పేరు పెట్టి చదువుకోవచ్చు.

అతనికి నలభై రెండేళ్ళు. ఎకరన్నర జీడితోట, ఇంటి చుట్టూ పాతిక కొబ్బరిచెట్లు. తన తోట పని అయ్యాక ఊళ్ళోవాళ్ళ చెట్లెక్కి కాయలు దింపుతాడు. ఎండలో ఆరేడు గంటలు పని చేశాక నడుము పట్టేసేది. ఊళ్ళోకొచ్చే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు నొప్పి బిళ్ళలు తీసుకునేవాడు. ఆ బిళ్ళలు కిడ్నీలకు చేసే చెరుపు అతనికెవరూ చెప్పలేదు. రాత్రిపూట రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం మొదలైంది. ఆకలి తగ్గింది. నోట్లో ఏదో ఇనుప రుచి. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే వాంతి వచ్చేది. ఒళ్ళంతా దురద. పసరికలనుకొని ఆకుమందు వేశారు. ఒక రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నాడు. మర్నాడు పలాసలో రక్తం తీయించారు. చీటీ మీద క్రియాటినిన్ 11.4 అని ఉంది.

"ఏటైపోనాది బాబూ, మొన్నటిదాకా సెట్టెక్కినోడే గదా" అంది భార్య డాక్టరుతో.

మామూలు మనిషికి క్రియాటినిన్ ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. కండరాలు పనిచేసినప్పుడు పుట్టే చెత్త అది. కిడ్నీ దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది. పిడికెడంత ఉండే ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా నెఫ్రాన్లుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదిలి, తక్కినదంతా వెనక్కి తీసుకుంటాయి. ఈ ఏర్పాటులో ఒక మోసం ఉంది. సగం నెఫ్రాన్లు పోయినా తక్కినవి ఆ భారం మోస్తాయి, చీటీ మీద అంకె పెద్దగా కదలదు. కదిలేసరికి ఆలస్యమవుతుంది. ఉద్దానంలో ఇప్పుడు బడి గడప తొక్కని ముసలమ్మ కూడా క్రియాటినిన్ అంకె అడుగుతుంది. మూడు అంటే కొంచెం టైముంది, ఆరు అంటే తయారవ్వాలి, పది దాటితే మిషన్ ఎక్కాలి. పంట ధర చెప్పుకున్నట్టే ఈ అంకెలు చెప్పుకుంటారు.

మిషన్ అంటే డయాలసిస్. ఇరవై ఏళ్ళ కిందట ఆ మాటకు అర్థం 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖ. వారానికి రెండు మూడు ప్రయాణాలు, ఆసుపత్రి బిల్లు, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి. జీడితోట తాకట్టులోకి పోయేది, తర్వాత అమ్మకంలోకి పోయేది. ఆఖరికి మనిషే "ఇంక సాలు, ఇంటికి తీసుకుపోండి" అనేవాడు. డయాలసిస్ మానేసినవాడికి సాధారణంగా వారమో పది రోజులో మిగులుతాయి. ఆ మాట అన్న మనిషికీ ఆ లెక్క తెలుసు, విన్న పెళ్ళానికీ తెలుసు.

ఆ యంత్రం పుట్టుకలోనూ ఒక రైతుబిడ్డ చావు ఉంది. 1938లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అనే కుర్ర డాక్టరు ముందు 22 ఏళ్ళ పల్లెటూరి యువకుడు కిడ్నీలు పనిచేయక నెమ్మదిగా చనిపోయాడు. రోజుకు కొన్ని గ్రాముల యూరియా తీసేస్తే ఈ పిల్లాడు బతికేవాడు కదా అని కోల్ఫ్‌కు తోచింది. తర్వాత దేశం జర్మన్ల చేతిలోకి పోయింది. కాంపెన్ అనే చిన్న ఊళ్ళో, యుద్ధం మధ్యలో, సాసేజ్‌లకు తొడిగే సెలోఫేన్ గొట్టాన్ని ఒక చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి, ఆ డ్రమ్మును ఉప్పునీటి తొట్టిలో తిప్పుతూ 1943లో మొదటి యంత్రం నడిపాడు. తొలి రెండేళ్ళలో దాని మీద పడుకున్నవాళ్ళు దాదాపు అందరూ పోయారు. 1945లో 67 ఏళ్ళ ఒక ఆవిడ స్పృహలోకి వచ్చింది. ఆవిడ నాజీల వైపు మనిషి, ఊరికి కంటగింపు. కోల్ఫ్ అదేమీ చూడలేదు. వైద్యుడి మీద నాకు గౌరవం కలిగించే కథల్లో ఇదొకటి.

అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. ప్రతిసారీ కొత్త రక్తనాళం కోసి గొట్టం పెట్టాలి, పది పదిహేను సార్లకు నాళాలు అయిపోతాయి. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో ఆ చిక్కు విప్పాడు. వెంటనే ఇంకో చిక్కు ఎదురైంది. యంత్రాలు కొన్ని, రోగులు ఎక్కువ. ఎవరిని ఎక్కించాలో తేల్చడానికి 1962 నాటికి ఊరి పెద్దలు ఏడుగురితో ఒక కమిటీ వేశారు. వాళ్ళు రోగి సంపాదన, పిల్లలు, చర్చికి వెళ్తాడా లేదా అన్నవి కూడా చూశారని బయటికొచ్చి అమెరికాలో దుమారం రేగింది. ఉద్దానంలో అలాంటి కమిటీ ఎవరూ వెయ్యలేదు. ఎవరి తోట ముందు అమ్ముడైపోయిందో దాన్ని బట్టే చాలాకాలం ఆ తీర్పు జరిగిపోయింది.

మళ్ళీ మన మనిషి దగ్గరికి. అతనికి ముందు మెడ దగ్గర నరంలో గొట్టం పెట్టి నాలుగుసార్లు రక్తం శుభ్రం చేశారు. తర్వాత ఎడమ చేతి మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. 1966లో బ్రెసియా, సిమినో అనే అమెరికన్ డాక్టర్లు తమ అనుభవం ప్రచురించిన పద్ధతి అది. ఫిస్టులా అంటారు. ధమని ఒత్తిడి తగిలి సిర ఆరేడు వారాల్లో తాడంత లావవుతుంది. దాని మీద వేలు పెడితే జుయ్యిమని అదురు తెలుస్తుంది. ఆ అదురు ఆగితే ఫిస్టులా మూసుకుపోయినట్టే, మళ్ళీ ఆపరేషన్. అందుకని అతను నిద్రలేవగానే ముందు ఎడమచెయ్యి తడుముకుంటాడు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, దానితో బరువెత్తకూడదు, దాని మీద ఒరిగి పడుకోకూడదు. పాతికేళ్ళు కొబ్బరిమాను వాటేసుకొని పైకి పాకిన చెయ్యి అది.

వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు. రెండు లావు సూదులు. ఒకదానిలోంచి రక్తం నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల చొప్పున బయటికొచ్చి, గడ్డకట్టకుండా హెపారిన్ కలుపుకొని, మూరెడు కన్నా చిన్న ప్లాస్టిక్ గొట్టంలోకి వెళ్తుంది. డయలైజర్ అంటారు దాన్ని. అందులో వెంట్రుకంత సన్నటి బోలు పోగులు పదివేల దాకా ఉంటాయి. రక్తం పోగుల లోపలి నుంచి పోతుంటే, శుద్ధిచేసిన నీళ్ళలో కొలతగా లవణాలు కలిపిన ద్రవం బయటి నుంచి ఎదురు పారుతుంది. యూరియా, క్రియాటినిన్, ఎక్కువైన పొటాషియం పోగుల గోడల సన్నని రంధ్రాల్లోంచి ఆ ద్రవంలోకి జారిపోతాయి. రక్తకణాలూ ప్రొటీన్లూ పెద్దవి కనుక లోపలే ఉండిపోతాయి. మూత్రం రాక ఒంట్లో పేరుకున్న నీటిని యంత్రం ఒత్తిడి పెట్టి లాగుతుంది. శుభ్రపడ్డ రక్తం రెండో సూదిలోంచి తిరిగి ఒంట్లోకి వెళ్తుంది.

ఆ బయటి ద్రవం నిమిషానికి అర లీటరు. నాలుగు గంటలకు 120 లీటర్లు. ఒక్క మనిషి రక్తం ఒక్క పూట కడగడానికి అంత స్వచ్ఛమైన నీరు కావాలి. ఆ మంచం మీద పడుకున్న మనిషికి మాత్రం రోజుకు అర లీటరు, మహా అయితే మూత్రం వచ్చినంత దానికి కలుపుకొని, అంతే. టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఎండాకాలం ఉద్దానపు ఉక్కపోతలో ఈ కొలత పాటించడం ఎలాంటిదో రోగి పెళ్ళాన్ని అడగాలి. నీళ్ళ కుండ మీద కాపలా ఆమెదే.

"ఒక్క గుక్క ఎయ్యే, గొంతు పిడసకట్టుకుపోతంది."

"మొన్న నాలుగు కిలోలు పెరిగీనావని సిస్టరమ్మ నన్ను తిట్టింది. ఐసుముక్క బుగ్గనెట్టుకో."

ఆ నాలుగు కిలోలూ నీరే. అంత నీటిని నాలుగు గంటల్లో లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు మెలితిరుగుతాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. లాగకపోతే రాత్రికి ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

ఇక తిండి. డయాలసిస్ రోగికి ఇచ్చే పథ్యం కాగితం ఎవరు రాసినా ఒకలాగే ఉంటుంది. ఆ కాగితం ఉద్దానంలో చదివితే వేరేలా వినపడుతుంది. పొటాషియం ఎక్కువ కాబట్టి కొబ్బరినీళ్ళు వద్దు. పనస తొనలు వద్దు. మామిడిపండు వద్దు. పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఉంటాయి కాబట్టి జీడిపప్పు వద్దు. ఉప్పు కాబట్టి ఎండుచేప వద్దు, ఊరగాయ వద్దు. ఒక పెద్ద బొండంలోని నీళ్ళలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉండొచ్చు. పనిచేసే కిడ్నీ దాన్ని గంటల్లో బయటికి పంపేస్తుంది. పనిచేయని కిడ్నీ ఉన్నవాడి రక్తంలో అది నిలిచిపోతుంది, మోతాదు మించితే గుండె కొట్టుకోవడం ఆగిపోతుంది. సొంత పెరట్లో పాతిక చెట్లున్న మనిషి ఆసుపత్రి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. నాటింది అతనే, నీళ్ళు పోసి పెంచింది అతనే, కాయ దింపింది అతనే. ఆ కాయలో ఇప్పుడు అతని చావు ఉంది. ఉద్దానం పతనం గురించి ఎన్ని అంకెలు చదివినా నాకు ఇంతకన్నా కఠినమైన సంగతి ఇంకొకటి కనపడలేదు.

వారంలో 168 గంటలు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అన్ని గంటలూ పనిచేస్తుంది. యంత్రం 12 గంటలు పనిచేస్తుంది. ఎర్ర రక్తకణాలను పుట్టించమని ఎముక మజ్జకు కబురు పంపే ఎరిత్రోపొయిటిన్‌ను యంత్రం తయారు చెయ్యలేదు, అందుకు వేరే సూది. ఎముకలకు కావాల్సిన విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చలేదు, అందుకు వేరే బిళ్ళ. వడ్డీ మాత్రం తప్పకుండా కడుతూ, అసలు అలాగే ఉంచిన అప్పు లాంటిది డయాలసిస్. పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంటిదగ్గరే చేసుకునే పద్ధతి ఇంకొకటి ఉంది గాని, దానికి కావలసిన శుభ్రత చిన్న ఇంట్లో నలుగురి మధ్య కష్టం.

కిడ్నీ మార్పిడి చేయిస్తే ఈ మంచం తప్పుతుంది. చట్టం ప్రకారం ముందు దగ్గరి బంధువులే ఇవ్వాలి. ఇక్కడ ఉద్దానం కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అన్న కోసం తమ్ముడు ముందుకొస్తాడు, పరీక్ష చేస్తే తమ్ముడి క్రియాటినిన్ కూడా రెండు దాటి ఉంటుంది. తల్లి ఇస్తానంటుంది, ఆమె మూత్రపరీక్ష బాగోదు. దాత కోసమని వెళ్ళిన ఇంట్లోంచి ఇంకో ఇద్దరు రోగులు బయటపడతారు. పెళ్ళి సంబంధాలదీ అదే దారి. ఆ ఊళ్ళకు పిల్లనివ్వడానికి వెనకాడే రోజులొచ్చాయి. చదువుకున్న కుర్రాళ్ళు భువనేశ్వర్‌కో చెన్నైకో గల్ఫ్‌కో పోయారు. పోయినా వెంట ఒక భయం పోతుంది. సెలవుకు వచ్చినప్పుడు మొదట వెళ్ళేది రక్తపరీక్షకే.

ఇంతకీ కారణమేంటి? నేలలోని నీళ్ళా, నీళ్ళలోని సిలికానా, సీసం లాంటి భారలోహాలా, తోటల మీద కొట్టే పురుగుమందులా, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పనా, నొప్పి బిళ్ళలా, వంశంలో వచ్చే జన్యువులా? ఒక్కొక్కదాని మీదా దేశంలోవాళ్ళూ విదేశాలవాళ్ళూ పరిశోధనలు చేశారు. అనుమానాలు పోగయ్యాయి గాని ఇదే అని తేలలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలకూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులకూ ఇలాంటి జబ్బే వస్తోంది. సముద్రాలకు అటువైపూ ఇటువైపూ పొలంలో ఎండకు ఒంగి పనిచేసే మనిషే దీనికి చిక్కుతున్నాడు. ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళలో ఇంతమంది పోయుంటే కారణం ఈపాటికి దొరికేదేమో. ఇది నా అక్కసు, రుజువు అడక్కండి.

కారణం తెలియని చావుకు శోకం కూడా సరిగ్గా కుదరదు. తుపాను తోట కూల్చిందంటే తుపానును తిట్టుకోవచ్చు. 2018 అక్టోబర్ 11న తిత్లీ ఈ తీరానికే వచ్చి తగిలింది. ఒక్క రాత్రిలో లక్షల కొబ్బరి, జీడిచెట్లు పడిపోయాయి. ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. రోజు విడిచి రోజు మిషన్ కావలసినవాళ్ళకు ఆ రోజులు ఎలా గడిచాయో వేరే చెప్పనక్కర్లేదు. నాటు కొబ్బరి మొక్క పెడితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. వారానికి మూడుసార్లు సూది పొడిపించుకునే మనిషి పడిపోయిన తోటలో మళ్ళీ గోతులు తీయించాడు. ఎవరి కోసమని అడిగితే పక్కనే ఆడుకుంటున్న పిల్లల వంక చూశాడు, సమాధానం మాత్రం చెప్పలేదు.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం న్యాయం కాదు, చాలా ఆలస్యంగా చేశాయనడం న్యాయం. ఆరోగ్యశ్రీ వచ్చాక బిల్లు భారం తగ్గింది. 2017 జనవరిలో జనసేన నాయకుడు పవన్ కళ్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగులతో మాట్లాడాక పత్రికలూ టీవీలూ ఉద్దానం వైపు గట్టిగా తిరిగాయి. సోంపేట, పలాస, కవిటి ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు వచ్చాయి. విశాఖ ప్రయాణం ఆటో ప్రయాణమైంది. రోగులకిచ్చే నెల పింఛను 2019లో 10,000 రూపాయలకు పెరిగింది. ఆ డబ్బు వచ్చాక ఇంట్లో రోగి మాటకు మళ్ళీ కొంత విలువ వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. మన మనిషి ఆ రోజుల దాకా బతికున్నవాళ్ళలో ఒకడు. అతని నాన్నకూ చిన్నాన్నకూ ఆ రోజులు అందలేదు.

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు 700 కోట్ల రూపాయల ఖర్చుతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు ఉద్దానం ఊళ్ళకు పైపుల్లో తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. బోరునీళ్ళే ఈ జబ్బుకు కారణమని ఎవరూ తేల్చలేదు కాబట్టి నది నీళ్ళు తాగితే జబ్బు ఆగుతుందని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. పాడైపోయిన నెఫ్రాన్ ఏ నీళ్ళు తాగినా తిరిగి మొలవదు. ఇప్పుడు మిషన్ మీదున్నవాళ్ళకు ఆ కొళాయి వల్ల తేడా ఉండదు. రెండు, మూడు అంకెల మీదున్నవాళ్ళకు ఉంటుందేమో చూడాలి. అసలు లెక్క తేలేది అయిదో తరగతి చదువుతున్న పిల్లల దగ్గర. వాళ్ళు తోటల్లోకి పనికి దిగి, ముప్పై దాటి, పలాసలో రక్తం ఇచ్చిన రోజున చీటీ మీద ఎంత వస్తుందో దాన్ని బట్టే ఈ 700 కోట్లు దేనికి ఖర్చయ్యాయో తెలుస్తుంది. అప్పటిదాకా నొప్పి బిళ్ళ విడిగా అమ్మే కొట్లను ఆపడమూ, పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఏడాదికోసారి ఊళ్ళోనే క్రియాటినిన్ చూడటమూ చెయ్యగలిగిన పనులే. వాటికి కారణం దొరికేదాకా ఆగనక్కర్లేదు.